గడ్డం తొడిగిన మైకు

గాలిని పుట్టించి, దానికి ఎక్కడా స్విచ్చి పెట్టని దేవునికి స్తోత్రం. సముద్రానికి ఇంతవరకే రావాలని గీత గీసి, గాలికి ఏ గీతా లేకుండా వదిలేసిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. స్విచ్చి పెట్టడం దేవుడు మరిచిపోయాడని నేనొకసారి అంటే మా పాస్టరు గారు గొంతు సవరించుకుని, "ఆయన మరవడు తల్లీ, కావాలనే పెట్టలేదు" అన్నారు. అయితే మరీ మంచిది. కావాలనే పెట్టనందుకు ఇంకొక స్తోత్రం. మనుషులకు ఊపిరి ఇచ్చినందుకు, ఆ ఊపిరిని పాటగా మార్చే గొంతు ఇచ్చినందుకు, ఆ గొంతు ఎంతకాలం ఉంటుందో ముందుగా చెప్పనందుకు కూడా స్తోత్రం. ఈ చివరి దానికి స్తోత్రం చెప్పడం నాకింకా పూర్తిగా రాలేదు. నేర్చుకుంటున్నాను.

ఇక సంగతికి వస్తాను.

నేను బిట్రగుంటలో బట్టలు కుడతాను. ఒక గది, రెండు మిషన్లు, ఒక టేబుల్ ఫ్యాను. కుట్టేవాటిలో ఎక్కువ జాకెట్లే. ఆదివారం మా చర్చిలో ప్రసంగాన్ని ఫోనులో రికార్డు చేసి, రాలేకపోయిన వాళ్ళకు పంపే పని కూడా నాదే. కాలర్ మైకును పాస్టరు గారి చొక్కాకు వంకర లేకుండా తగిలించడం ఒక్క దర్జీకే చేతనవుతుందని సంఘం తీర్మానించి ఆ పని నాకు అప్పగించింది. అంతకు మించి మైకుల గురించి నాకు తెలిసింది సున్నా.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, బోగోలు మండలంలో సముద్రం పక్క ఊళ్ళో ఉంటాడు. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేయడం ఆయన పని. అది పొట్టకూటికి. ఆ చుట్టుపక్కల మా విశ్వాసుల ఇళ్ళలో ఆయనను పిలిచేది మాత్రం ఇంకొక పనికి. ఎవరైనా చనిపోతే ముందు పెట్టె కోసం మనిషిని పంపుతారు, వెంటనే మామ కోసం పంపుతారు. భూస్థాపన దగ్గర ఆయన పాడాలి. ఆ పాట మా తాత కట్టినది. ఏ పాటల పుస్తకంలోనూ లేదు. నాలుగు చరణాలు. రాగం ఎక్కడ పైకి లేవాలో, ఎక్కడ ఆగాలో మామ ఒక్కడికే తెలుసు. మిగతా అందరం చివరి మాట అందుకుని ఏడ్చేవాళ్ళమే.

మొన్న ఎండాకాలంలో మామ గొంతు బొంగురుపోయింది. మొదట రొయ్యల గుంటల వాసన వల్ల అన్నారు, తర్వాత ఐస్ నీళ్ళ వల్ల అన్నారు. చివరికి మద్రాసు తీసుకెళ్తే, గొంతులో గడ్డ ఉందనీ, స్వరపేటిక మొత్తం తీసేయాలనీ, ప్రాణానికి భయం లేదు గానీ ఇక మాట ఉండదనీ చెప్పారు. ఆపరేషన్ పది రోజుల్లో.

ఆ కబురు విని ఇంటి నిండా చేరిన చుట్టాలందరం ఏడుస్తుంటే, మామ భార్య, మా అత్త, కళ్ళు తుడుచుకుని అడిగిన మొదటి మాట ఇది:

"అయితే నన్ను పూడ్చేటప్పుడు ఎవురు పాడతారు?"

వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొగుడి గొంతు పోతుంటే ఈమెకు తన చావు గోల ఏమిటనుకున్నారు. నాకు మాత్రం దాని వెనక కథ తెలుసు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మమ్మ భూస్థాపనకు మామ పాడగా విని, ఆ సాయంత్రం అత్త అడిగిందట, "నాకు గూడా ఇట్టనే పాడతావా?" అని. పాడతానన్నాడట. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో ఆడపిల్లలు పట్టుచీర అడుగుతారు. ఈమె అడిగింది ఇది. ముందు పోయేది తనేనని అప్పుడే నిర్ణయించేసుకుంది. ఆ మాట మీద నలభై ఏళ్ళుగా కాపురం చేస్తోంది.

చుట్టాలు వెళ్ళాక నన్ను వంటింట్లోకి లాగింది.

"పాస్టరు గారి గొంతు ఫోన్లో పట్టుకుంటావే, మీ మామ గొంతు పట్టలేవా?"

"పడతా అత్తా. రేపు ఇంట్లో కూర్చోబెట్టి..."

"ఇంట్లోనా?" అన్నాడు గడప దగ్గర నుంచి మామ, తెగిపోయే గొంతుతో. "ఇంట్లో పాడేది కాదు ఆ పాట."

మేము శకునాలు నమ్మం. పిల్లి ఎదురొస్తే దాన్ని పలకరించి మరీ వెళ్తాం. కానీ భూస్థాపన పాటను కప్పు కింద పాడం. మా తాత ఒకసారి వానలో పశువుల పాకలోకి పోయి, ఊరికే కూర్చోలేక ఆ పాట కూనిరాగం తీస్తే వారం తిరక్కుండా గేదె పోయింది. గేదె చావుకు, పాటకు సంబంధం ఉందని వాక్యంలో ఎక్కడా లేదు. ఆ మాటే మామతో అన్నాను.

"నమ్మకం కాదమ్మాయ్," అన్నాడు. "జాగర్త."

"ఆపరేషన్ ముందు పెట్టుకోని ఇంట్లో పాడొద్దులేమ్మే," అంది అత్త. "సమాధుల కాడే పట్టు. ఆడ పాడేది ఆడే పాడాల."

మా వాళ్ళ సమాధులు ఊరి బయట ఇసుకలో, సరుగుడు తోపు పక్కన ఉంటాయి. తోపు దాటితే సముద్రమే. మర్నాడు ఉదయం వెళ్ళాం. చొక్కాకు కాలర్ మైకు తగిలించాను. మామ చెప్పులు విడిచి, ఇసుకలో కాళ్ళు ఆనించి నాలుగు చరణాలూ పాడాడు. గొంతులో తుప్పు ఉంది, అయినా పాట ఎక్కడా వంగలేదు. ఇంటికొచ్చి, కప్పు కింద వినిపించకూడదు కాబట్టి పెరట్లో నిలబడి ఫోను ఆన్ చేశాను.

బర్రుమంది. దబదబమంది. ఆ బర్రు వెనక ఎక్కడో దూరంగా ఎవరో మనిషిని బస్సు టాపు మీద కట్టేసి తీసుకెళ్తున్నట్టు వినపడింది. ఆ మనిషి మామ.

అత్త చివరిదాకా విని, "నన్ను పూడ్చేదానికి కావలి బస్సు ఎక్కిచ్చి తీసకపోతున్నారా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే ఆ ఒక్క పాటకే మామ గొంతు పూర్తిగా పూడుకుపోయింది. మద్రాసుకు ఫోను చేస్తే డాక్టరు గారు తిట్టి, వారం రోజులు నోరు తెరవద్దన్నారు. అంటే ఆపరేషన్‌కు బయలుదేరే ముందు ఇంకొక్కసారి, ఒకే ఒక్కసారి, పాడనివ్వవచ్చు. ఆ ఒక్కసారి గాలి చేతిలో పడితే అత్తకు పాట లేదు.

కావలిలో మైకులు అమ్మే షాపుకు వెళ్ళాను. షాపతను రికార్డింగు విని నోరు చప్పరించాడు.

"అక్కా, సముద్రం కాడ ఒట్టి మైకు పెడితే ఇట్టనే ఉంటది. దీనికి బొచ్చు తొడుగు కావాల." అని, నా మెడలో సిలువ చూసి సర్దుకున్నాడు. "అంటే వెంట్రుకలది."

"ఉందా?"

"తెప్పియ్యాలక్కా. పది పన్నెండు రోజులు."

"మాకు అన్ని రోజులు లేవు. అదెట్టా పనిచేస్తదో చెప్పన్నా, నేనే కుట్టుకుంటా."

మంచి మనిషి, బేరం పోతున్నా చెప్పాడు. గాలి నేరుగా వచ్చి మైకు ముఖాన కొట్టకూడదు. వెంట్రుకలు దాన్ని చిక్కుబెట్టి చీలుస్తాయి. వెంట్రుకల లోపల, మైకు చుట్టూ కొంచెం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో గాలి కదలకుండా నిలబడాలి. తొడుగు మైకుకు అంటుకుంటే దండగ. నాకు అర్థమయింది. లైనింగుకూ పైబట్టకూ మధ్య వదులు వదలకపోతే ఏమవుతుందో తెలియని దర్జీ ఉండదు.

తిరిగొచ్చి నా కుట్టు షాపులోని టేబుల్ ఫ్యానునే సముద్రం అనుకున్నాను. దాని ముందు మైకు పెట్టి, చదవడానికి కీర్తన తీయబోతే చేతికి కొలతల పుస్తకమే దొరికింది. "చాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు, చెయ్యి పది, మెడ వెనక లోతు తొమ్మిది" అని గట్టిగా చదువుతూ రికార్డు చేశాను. మా ఆయన సాక్సు తొడిగితే నడుము వినపడలేదు. రెండో సాక్సు తొడిగితే మనిషే వినపడలేదు. గిన్నెలు తోమే స్పాంజిని కోసి చుట్టాను. కొంచెం మేలు, కానీ ఫ్యాను పెంచితే మళ్ళీ కావలి బస్సు.

అప్పుడు నా కళ్ళు గోడకు వేలాడే సంచి మీద పడ్డాయి. ఈ మధ్య పెళ్ళికూతుళ్ళు జాకెట్లలో మెత్తటి కప్పులు పెట్టించుకుంటున్నారు. సంచి నిండా అవే. రెండు కప్పులు ఎదురెదురుగా పెట్టి అంచు కుడితే టెన్నిస్ బంతంత అయింది. మధ్యలో ఖాళీ. ఖాళీలో మైకు. ఫ్యాను ఒకటిలో గాలే లేదు. రెండులో ఉందా లేదా అన్నట్టుంది. మూడులో మళ్ళీ దబదబ. మా సముద్రం మూడు కంటే తక్కువలో ఎప్పుడూ తిరగదు, అయినా ఇంతవరకూ వచ్చినందుకు దేవుణ్ణి స్తుతించాను. మా తాత కట్టిన భూస్థాపన పాట పెళ్ళికూతుళ్ళ జాకెట్టు కప్పుల్లోంచి రాబోతోందన్న సంగతి ఆయనకు ఎటూ తెలుసు, నేను ప్రత్యేకంగా ప్రార్థనలో పెట్టలేదు.

నేను చేసిన తప్పు ఆ ఉదయమే జరిగింది. కాజాలు కుడుతూ, ఒక చేత్తో, మా స్త్రీల సమాజం వాట్సప్ గ్రూపులో ఇలా రాశాను: "మా మామ పాడాలంటే గాలి అడ్డుపడుతోంది. ఆ గాలి వదిలిపోయేలా అందరూ ప్రార్థన చేయండి."

మా వైపు గాలి అంటే రెండు. ఒకటి చెట్లను ఊపేది. రెండోది మనుషులను పట్టేది. ఫలానా ఆమెకు గాలి సోకింది అంటే ఫ్యాను ఆపరు, ప్రార్థన చేసేవాళ్ళను పిలుస్తారు. ఈ ముక్క పుట్టినప్పటి నుంచీ తెలిసిన దాన్నే. కాజాల మీద ఉన్న శ్రద్ధ మాటల మీద లేకపోయింది.

ఆ మధ్యాహ్నం కప్పుల మైకు పట్టుకుని మామ ఇంటికి వెళ్ళి, పెరట్లో ఎదురుగాలికి పరీక్షిస్తున్నాను. ముందు వైపు ఆటో ఆగింది. మా స్త్రీల సమాజం పెద్దక్క దిగింది. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఆమె ప్రార్థన చేస్తే మైకు అక్కర్లేదు. వెనక ముగ్గురు చెల్లెళ్ళు, చేతిలో ప్రార్థన నూనె సీసా. మామ వసారాలో చారన్నం తింటున్నాడు. ఏం జరిగిందో అత్త తర్వాత పదిసార్లు చెప్పింది, సగం నేను పెరటి గోడ ఇవతల నుంచే విన్నాను.

"ఎన్నాళ్ళనించి పట్టింది ఈ గాలి?" అని అడిగింది పెద్దక్క.

"ఇది ఎప్పుడూ ఉండేదే గదక్కా," అంది అత్త. "మధ్యాన్నం దాటితే ఎక్కువ."

"రాత్రిళ్ళు?"

"రాత్రిళ్ళు మళ్ళుకుంటది. అప్పుడు అటు నించి ఇటు కొడతది."

పెద్దక్క తల ఊపింది. "పేరు చెప్పిందా?"

"దేనికి పేరు?"

"గాలికి."

అత్త ఆలోచించి, "దచ్చినప్పు గాలి అంటారక్కా ఇక్కడోళ్ళు," అంది.

ముగ్గురు చెల్లెళ్ళూ ఒకేసారి స్తోత్రం అన్నారు. పెద్దక్క చేయి మామ తల మీద పడింది. "దక్షిణపు గాలీ, ఈ బిడ్డను వదిలిపో," అని ఆజ్ఞాపించింది. మామకు అరవై నాలుగేళ్ళు. నోటి నిండా చారన్నం, నోరు తెరవకూడదని డాక్టరు ఆజ్ఞ, తల మీద ఏనుగంత చేయి. వద్దని సైగ చేయడానికి చేతులు ఊపాడు.

"చూడండి, ఎట్టా తన్నుకులాడతా ఉందో," అంది పెద్దక్క. "గట్టిగా పట్టుకోండమ్మా."

నేను మైకు పట్టుకుని వసారాలోకి పరిగెత్తాను. "అక్కా, ఆగు. గాలి మామకు కాదు, మైకుకు," అన్నాను. అంతకంటే మంచి వాక్యం ఆ సమయంలో నాకు తోచలేదు.

అందరూ ఆగారు. నేను విషయం చెప్పాను. చెల్లెళ్ళలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. మామ అన్నం మింగి, నన్ను మాత్రమే చూశాడు. ఆ చూపులో ఉన్నదంతా నోటితో అని ఉంటే వారం గొంతు ఒక్క రోజులో ఖర్చయ్యేది.

పెద్దక్క మాత్రం తగ్గలేదు. ఆటో దిగిన మనిషి ఊరికే ఎక్కదు. "మనిషికి పట్టినా మైకుకి పట్టినా వదిలిచ్చేది ఒకే దేవుడు," అని, నా చేతిలోని బంతి లాక్కుని, నూనె సీసా మూత తీసి, భక్తిగా, ధారాళంగా పోసింది. నూనె కప్పులోకి, కప్పులోంచి మైకులోకి వెళ్ళిపోయింది.

వాళ్ళు కాఫీ తాగి వెళ్ళాక విన్నాను. దేవుని కార్యం సంపూర్ణంగా జరిగింది. గాలి పోయింది. గాలితో పాటు మాట పోయింది, సముద్రం పోయింది, పక్కింటి కోడిపుంజు పోయింది. ఆ మైకు ఇక ఏమీ వినదు.

అత్త ఆ జిడ్డు బంతిని వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. "ఇదేందమ్మే? జాకెట్టులో పెట్టేది గదా?"

"అవునత్తా."

"నా సమాధి కాడ పాడే పాటకి ఇదా దొరికింది నీకు?" అని, రెండు క్షణాలు చూసి, "సరేలే, మెత్తంగా ఉంది," అంది. తర్వాత వాకిట్లో కూర్చుని, చేతికంటిన నూనె కొంగుకు తుడుచుకుంటూ తోపు వైపు చూసింది. ఇంక మూడు రోజులే ఉంది.

మర్నాడు నేను షాపు తాళం తీస్తుంటే పెద్దక్క మెట్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో కొత్త కాలర్ మైకు డబ్బా. ఆమె క్షమాపణ చెప్పే మనిషి కాదు, డబ్బా నా చేతిలో పెట్టడమే క్షమాపణ. దాని వెనకే ఒక తాళంచెవి తీసింది.

"మైకుకి బొచ్చు కావాలంటివే. నిన్న పడుకోబోతా ఉంటే గుర్తొచ్చింది. క్రిస్మసు నాటకం పెట్టెలో గడ్డాలు ఉండాయి గదా."

ఇద్దరం చర్చి వెనక గదికి వెళ్ళాం. పెట్టెలో దేవదూతల థర్మాకోల్ రెక్కలు, గొర్రెపిల్ల ముసుగు, అడుగున నాలుగు గడ్డాలు. మూడు జ్ఞానులవి, ఒకటి చెడ్డ రాజుది. చెడ్డ రాజుది నల్లటి బిరుసు నైలాను, ఫ్యాను ముందు పెడితే తనే బుసకొట్టింది. మొదటి జ్ఞాని గడ్డానికి పోయిన ఏటి జిగురు. రెండో జ్ఞాని గడ్డం తెల్లగా, మెత్తగా, ఒత్తుగా, వల గుడ్డ మీద కుట్టి ఉంది. తూర్పు దేశం నుంచి అంత దూరం నడిచొచ్చిన గడ్డం ఇక్కడ ఇంకొంచెం పనికొస్తే తప్పేమిటని తీసుకున్నాను. పాస్టరు గారిని అడగలేదు. అడిగితే కమిటీ పెడతారు.

ఈసారి లోపలి ఖాళీ కోసం కప్పులు వాడలేదు. టీ వడగట్టే స్టీలు జల్లెడలు రెండు తెచ్చి, పిడులు విరిచి, బోర్లించి కలిపాను. మధ్యలో మైకును దారాలతో వేలాడదీశాను, ఎటూ తగలకుండా. పైన జ్ఞాని గడ్డం చుట్టి కుట్టాను. ఫ్యాను మూడు మీద పెట్టి కొలతల పుస్తకం చదివాను. చాతీ, నడుము, చెయ్యి, మెడ వెనక లోతు, అన్నీ పక్కనే కూర్చుని చెప్పినట్టు వచ్చాయి. నాకు తెలియకుండానే మిషను పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను. జాకెట్టు కొలతలు విని ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకున్నారంటే అది నేనే.

మద్రాసు బయలుదేరడానికి ముందు రోజు ఉదయం నలుగురం సమాధుల దగ్గరికి వెళ్ళాం. మామ, అత్త, పెద్దక్క, నేను. అత్త గొడుగు కర్రను ఇసుకలో గుచ్చి, దాని చివర మైకు కట్టాను. గాలి లేచేసరికి గడ్డం ఒక పక్కకు వంగి ఊగింది. మామ దాని ముందు నిలబడి తేరిపార చూశాడు.

"ఎవురీ పెద్దాయన?" అన్నాడు గుసగుసగా.

"మాట్లాడొద్దు మామా. పాటకు దాచుకో."

అత్త ఎక్కడ నిలబడాలన్న దగ్గర ఇంకొక గొడవ వచ్చింది. తనను ఎక్కడ పూడుస్తారో అక్కడ నిలబడి వింటానంది. ఖాళీ ఉన్నది మా అమ్మమ్మ సమాధి పక్కనే. "ఆమె పక్కన నేను పండుకోను," అంది అత్త. "బతికున్నప్పుడు నా కూరలో ఉప్పు సరిపోయిందని ఒక్కనాడు అన్లా." పెద్దక్క అది క్షమించాల్సిన విషయమని చెప్పబోయింది. "క్షమించినా అక్కా. పక్కన మాత్రం పండుకోను," అని రెండు వరసలు అవతలికి వెళ్ళి నిలబడింది.

మామ చెప్పులు విడిచి పాట ఎత్తుకున్నాడు.

నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఈదురుగాలిలో మామ చొక్కా పటపట కొట్టుకుంటోంది, అత్త కొంగు ఎగిరి ముఖాన పడుతోంది, నా చెవుల్లో మాత్రం ఆయన ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. ప్రవక్త కొండ మీద నిలబడితే పెద్ద గాలి వీచిందనీ, దేవుడు ఆ గాలిలో లేడనీ, తర్వాత వచ్చిన చిన్న స్వరంలో ఉన్నాడనీ చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో పిల్లలకు చెబుతున్నాను. గాలిని పక్కకు జరిపి వినడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. సరుగుడు ఆకుల సద్దు మాత్రం సన్నగా, వెనక ఎక్కడో ఉండిపోయింది. అది ఉంటేనే బాగుందనిపించింది.

మొదటి చరణం నిలబడింది. రెండోది తుప్పు పట్టినా నిలబడింది. మూడో చరణంలో రాగం పైకి లేవాల్సిన చోట మామ నోరు తెరిచాడు, గొంతు రాలేదు. మళ్ళీ తెరిచాడు. గాలి ఒక్కటే వచ్చింది, ఆయన లోపలిది.

అప్పుడు రెండు వరసల అవతల నుంచి అత్త అందుకుంది.

మా అత్త పాడుతుంటే చర్చిలో ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. శ్రుతికీ ఆమెకూ పెళ్ళినాటి నుంచీ పడలేదు. నేను భయపడిపోయి ఆపమని చేతులు ఊపాను. మామ నా వైపు అరచేయి చూపించాడు, ఉండనీ అని. ఆమె మమ్మల్ని చూడడం లేదు. నడుమున కొంగు దోపి, సముద్రం వైపు చూస్తూ, మూడో చరణం ముగించి, నాలుగోది కూడా, ఒక్క మాట తప్పకుండా పాడింది. రాగం మాత్రం ఎలా వస్తే అలా వచ్చింది. మామ శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ, తొడ మీద తాళం వేస్తూ నిలబడ్డాడు. పెద్దక్క గొంతు కలపలేదు. నేను కళ్ళారా చూసిన అద్భుతాల్లో అదొకటి.

పాట అయిపోయింది. కాసేపు తోపు సద్దు. తర్వాత అత్త గొంతు, రికార్డింగులో స్పష్టంగా ఉంది: "అయిపోయిందా? ఇంగ పదండి, కాళ్ళు కాలతా ఉండాయి."

తోపు అంచున ఉన్న వేప చెట్టు కింద కూర్చుని విన్నాం. అత్తకు తను పాడిన సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

"నేను పాడినానా? నోరు దానంతటదే పోయిందే," అంది. "తీసెయ్యమ్మే అది. సచ్చిపోయిన మనిషి తనకు తనే పాడుకుంటే జనం జడుసుకుంటారు."

"మామ పాడిన రెండు చరణాలు ఉంచి, తక్కింది తీసెయ్యొచ్చు," అన్నాను. దర్జీని కాబట్టి కత్తిరింపు మీదికే పోతుంది నా మనసు.

మామ నా మణికట్టు పట్టుకున్నాడు. మాట దాదాపు లేదు. చెవి ఆయన నోటి దగ్గర పెడితే వినపడింది.

"తియ్యొద్దు. నేను మాటిచ్చింది పాడతానని. ఒంటిగా పాడతానన్లా."

"ఏమంటా ఉండాడు?" అంది అత్త.

చెప్పాను. ఆమె లేచింది. గొడుగు కర్ర నుంచి మైకు విప్పి, గడ్డంలో పడిన ఇసుకను వేళ్ళతో దువ్వి దులిపి నా సంచిలో పెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మామ ఇంట్లోనే ఉన్నాడు, మెడలో ఊపిరికి రంధ్రం పెట్టారు. పోట్లాటల్లో ఇప్పుడు ఇద్దరి మాటలూ అత్తే అంటుంది. ఆయన మాట ఆమె తప్పుగా చెబితే చప్పట్లు కొట్టి ఆపుతాడు. పాట నా ఫోనులో ఉంది, పెద్దక్క ఫోనులో ఉంది, పాస్టరు గారి దగ్గర కూడా ఉంది. దాన్ని ఎందులోంచి రికార్డు చేశామో ఆయన అడగలేదు.

ఒక్కటే చిక్కు మిగిలింది, దానికి నేను చాలను. ఆ పాట అత్త కోసం పెట్టింది. ఫోను ఎప్పుడైనా పాడుతుంది గానీ, అప్పుడు పక్కన మామ నిలబడి తాళం వేయాలంటే అత్తే ముందు పోవాలి. "అట్టనే కావాలని ప్రార్థన చెయ్యమ్మే," అని అత్త నన్ను అడిగింది, పప్పులో ఉప్పు చూడమన్నంత మామూలుగా. నేను మోకాళ్ళ మీద కూర్చుంటాను, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు ముందుకు పోదు. వద్దని అడిగితే అత్తకు ద్రోహం. కావాలని అడిగితే ఎవరికి ద్రోహమో తెలియదు.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ సంఘం వాళ్ళయినా, ఏ సంఘమూ కానివాళ్ళయినా, ఈ కాగితం పక్కన పెట్టి ఒక్క నిమిషం నాతో కూర్చోండి. మామ మెడలోని గాయం మానాలని అడుగుదాం. అత్త గొంతు ఇంకా చాలా ఏళ్ళు చర్చిలో ముందు బెంచీని ఇబ్బంది పెట్టాలని అడుగుదాం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మనం ఎత్తకుండా ఆయనకే వదిలేద్దాం. తొందరేమీ లేదని మాత్రం ఆయనకు చెబుదాం. నేను మొదలుపెడుతున్నాను, మీరు అందుకోండి.